మస్తాన్‌బీ అక్క కొలిచిన వంతెన

మొన్న మా బడిలో రెండు ఫ్యాన్లు కాలిపోతే కాయిల్ చుట్టించి తెచ్చి బిగించారు. స్విచ్చి వేసిన పావుగంటకు గది నిండా కొత్త వార్నిష్ వాసన. పిల్లలు ముక్కులు మూసుకున్నారు. హెడ్మాస్టరు గారు కిటికీలన్నీ తీయించారు. నేను మాత్రం కుర్చీని ఫ్యాను కిందికే లాక్కుని కూర్చున్నాను. "తలనొప్పి రాదా మేడమ్?" అని ఆయన అడిగితే, "నాకు ఆకలేస్తుంది సార్" అన్నాను. ఆయన నవ్వి ఊరుకున్నారు గానీ నేనన్నది నిజమే. ఆ వాసన వచ్చే దుకాణంలో ఒకావిడ ఎన్నో మధ్యాహ్నాలు తన టిఫిన్ గిన్నెలోంచి సగం తీసి నాకు పెట్టింది. ఆవిడ పేరు మస్తాన్‌బీ. బోగోలులో మోటార్లకు కాయిల్ చుట్టేది. నాకు బంధువు కాదు, పాఠం చెప్పిన గురువూ కాదు. అయినా నేను ఈ రోజు ఈ బడిలో ఉన్నానంటే ఆమె వల్లే.

అది వాళ్ళ నాన్న పెట్టిన దుకాణం. పెళ్ళయినా, ముగ్గురు పిల్లలు పుట్టినా ఆమె ఆ పని వదల్లేదు. గుమ్మం దగ్గర నుంచే కాలిన మోటార్లు వరసగా ఉండేవి: వరి కయ్యలకు నీళ్ళు తోడేవి, రొయ్యల గుంటల్లో నీళ్ళు చిలికేవి, పిండి మరలవి. లోపల ఆమె పీట మీద కూర్చుని రాగితీగ చుట్టేది. చుట్లు లెక్కపెట్టేటప్పుడు ఎవరూ నోరు విప్పకూడదు. ఎంత పెద్ద ఆసామి వచ్చినా ఎడమ చెయ్యి పైకెత్తి ఆపేది. లెక్క పూర్తయ్యాక అంకెను పెన్సిలుతో గోడ మీద రాసుకుని, "ఇప్పుడు చెప్పు నాయనా" అనేది. బాగుచేసిన మోటరును కాసేపు తిప్పి, దాని ఒంటి మీద అరచెయ్యి ఆనించి పది లెక్కపెట్టడం ఆమెకు అలవాటు. పదిదాకా చెయ్యి ఉంచగలిగితే మోటరు ఇంటికి వెళ్తుంది. లేకపోతే మళ్ళీ విప్పుతుంది. ఆమె దగ్గర మీటర్లు లేకపోలేదు. వాటిని కూడా చూసేది, కానీ ఆఖరి మాట అరచేతిదే.

ఇక నా సంగతి. నా ఎడమకాలు పోలియో కాలు. చిన్నప్పటి నుంచి దాన్ని నేను లాక్కెళ్తాను, అది నాతో వస్తుంది. మా ఇద్దరికీ పెద్దగా గొడవల్లేవు. టీచరు ఉద్యోగం వచ్చినప్పుడు నాకు దక్కిన బడి జువ్వలదిన్నె దారిలో, కాలవ అవతల, జాలర్ల పల్లెలో ఉంది. నేను బోగోలులో అన్నా వదినలతో ఉండేదాన్ని. మొదట్లో ఆటోల్లో వేలాడుతూ వెళ్ళాను, కొన్నాళ్ళు అన్న మోటారుసైకిలు మీద వెళ్ళాను. అన్నకు రొయ్యల గుంటలున్నాయి. పొద్దున పూట గుంట వదిలి నన్ను దింపడమంటే ఆయన ప్రాణం సగం గుంటలోనే ఉండేది, మిగతా సగంతో బండి నడిపేవాడు.

అలాంటి రోజుల్లో అన్న స్నేహితుడొకాయన ఒక వింత బండి సంగతి చెప్పాడు. ఆయన పనిచేసే ఇంజనీరింగు కాలేజీలో విద్యార్థులు ఏదో పోటీ కోసం తయారుచేసి, పోటీ కాగానే షెడ్డులో పడేసిన మూడు చక్రాల సైకిలు అది. ముందు రెండు చక్రాలు, వెనక ఒకటి. సీట్లో వెనక్కి వాలి కూర్చుని, కాళ్ళు ముందుకు చాపి తొక్కాలి. నడుముకు ఆనిక ఉంటుంది, కింద పడే భయం లేదు. ఎడమ పాదాన్ని పెడలుకు పట్టీతో కట్టేస్తే, కుడికాలు తొక్కుతుంటే అది కూడా గుండ్రంగా తిరుగుతుంది, తోచినంత సాయం చేస్తుంది. ముప్పై నాలుగేళ్ళ వయసులో నేను జీవితంలో మొదటిసారి సైకిలు తొక్కాను. వీధి చివరిదాకా వెళ్ళి వస్తానని చెప్పి రైలు గేటు దాకా వెళ్ళిపోయాను. మా వదిన కంగారుపడి వెతుక్కుంటూ వచ్చేసరికి గేటు దగ్గర ఆగి, మూసిన గేటుకేసి చూస్తూ ఒక్కదాన్నే నవ్వుకుంటున్నాను. ఊళ్ళో దానికి మంచం బండి అని పేరు పెట్టారు. నాకేం అభ్యంతరం లేదు. కూర్చుని వెళ్ళేవాళ్ళకు మంచం సుఖం ఏం తెలుస్తుంది!

దారంతా చదును. పొద్దున గాలి నేల మీంచి సముద్రం వైపు వీస్తుంది, సాయంత్రం సముద్రం మీంచి ఊరి వైపు వీస్తుంది. అంటే మామూలు రోజుల్లో వెళ్ళేటప్పుడూ వచ్చేటప్పుడూ గాలి నా వెనకే. అడ్డమల్లా కాలవ మీది వంతెన ఒక్కటే. రెండు వైపులా నిటారుగా లేచి, మధ్యలో మూపురంలా ఉండేది. దాని మొదట్లో ఆటోల కోసం చేపల బుట్టలతో ఆడవాళ్ళు నిలబడి ఉండేవాళ్ళు. నా బండి కనబడగానే నలుగురు వచ్చి వెనక చెయ్యి వేసి, నవ్వుకుంటూ కబుర్లు చెప్పుకుంటూ పైదాకా తోసేవాళ్ళు. ఎంత మంచివాళ్ళో చెప్పలేను. ఒక్కోరోజు నా సంచీలో నాలుగు కానాగంత చేపలు కూడా పడేసేవాళ్ళు.

ఆ ఏడాది కార్తీకంలో వాయుగుండం పట్టి వారం రోజులు పడవలు కదల్లేదు. పడవలు లేకపోతే చేపలు లేవు, చేపలు లేకపోతే వంతెన దగ్గర ఆడవాళ్ళు లేరు. ఆ వారంలో మూడు రోజులు నేను వంతెన మొదట్లో చినుకుల్లో గొడుగు పట్టుకుని కూర్చున్నాను, ఎవరో ఒకరు రాకపోతారా అని. ఎవరో వచ్చి తోసేసరికి బడికి గంట ఆలస్యం. అప్పట్లో మాది ఇద్దరు టీచర్ల బడి, రెండో టీచరు సెలవులో ఉన్నారు. పిల్లలు తాళం వేసిన తలుపు ముందు వానకు నానుతూ కూర్చున్నారు. అది చూశాక నాకు అన్నం సహించలేదు. అన్న ఏమీ కోప్పడలేదు గానీ ఒక అర్జీ రాయించుకొచ్చాడు, నన్ను బోగోలులోనే ఆఫీసు పనికి మార్చమని. "నెలాకరు లోపల ఇస్తే అయిపోతాదంట. బడి లేకపోతే ఏం మే, జీతం అదే గదా" అన్నాడు. ఆ మాటకు నేను రెండు రోజులు ఆయనతో మాట్లాడలేదు. నాకు కావలసింది ఆ బడే. "మోటరు పెట్టించు. అప్పటికీ వంతెన ఎక్కలేకపోతే సంతకం పెడతాను" అన్నాను.

రొయ్యల గుంటలున్నవాడు మోటరు కొంటే ఎలా కొంటాడో మా వైపు వాళ్ళకు చెప్పక్కర్లేదు. గుంటలో మోటరు ఆగితే తెల్లారేసరికి రొయ్యలు తేలిపోతాయి. అందుకని ఎంత కావాలో దానికి ఒక సైజు ఎక్కువే తెస్తారు. పక్క గుంటవాడు ఎక్కువ తెచ్చి ఉంటే దానికింకో సైజు ఎక్కువ. అన్న నా బండికీ అదే సూత్రం పాటించాడు. వెనక చక్రం మధ్యలోనే ఇమిడిపోయే మోటరు, స్కూటరుకు పెట్టేంతది, దానికి తగ్గ బ్యాటరీ తెచ్చి బిగించాడు. నాకైతే అది చక్రంలో ఇరుక్కున్న రుబ్బురోలులా కనిపించింది. చదును దారిలో గాల్లో తేలినట్టు వెళ్ళాను, కాళ్ళకు పనే లేదు. వంతెన మొదట్లో ఇసుక పేరుకుని ఉంది. చక్రం అక్కడ గిర్రున తిరిగి ఇసుక చిమ్మింది. ఎలాగో పట్టు దొరికి సగం ఎక్కేసరికి మోటరు మూలిగి, పొగ వదిలి, ఆగిపోయింది. బండి వెనక్కి జారుతుంటే బుట్టలు పడేసి ఆడవాళ్ళు పరిగెత్తుకొచ్చారు. తోసీ తోసీ ఆయాసపడుతూ వాళ్ళలో పెద్దావిడ అంది: "టీచరమ్మా, మోటరు లేనప్పుడు నలుగురం సాలేవాళ్ళం. మోటరు పెట్టినాక ఆరుమందిమి కావాల్సొచ్చింది!" అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. బడికి వెళ్ళాక మాత్రం బాత్రూములో తలుపేసుకుని కాసేపు ఏడ్చాను.

అలా ఆ చక్రం మస్తాన్‌బీ అక్క దుకాణానికి చేరింది. అప్పటిదాకా నాకామె ముఖపరిచయమే. ఆమె చుట్లు లెక్కపెట్టడం పూర్తయ్యేదాకా ఇద్దరం బుద్ధిగా నిలబడ్డాం. తర్వాత అన్న మొదలుపెట్టాడు.

"అక్కా, ఈసారి ఇంకా లావు తీగ ఏసి చుట్టు. కాలకూడదు."

"తీగ సంగతి తర్వాత. దీన్లో కూర్చునేది ఎవురు?"

"మా చెల్లెలు."

"అయితే నువ్వు మాట్లాడతావేంది?" అని నావైపు తిరిగింది. "నువ్వు చెప్పు మే. యాడ ఆగిపోతా ఉండావు?"

"వంతెన దగ్గర అక్కా."

"వంతెన కాడంటే? కిందనా, నడిమిట్లోనా, పైకి పోయినాకనా?"

నిజంగా నాకు తెలియదు. "వాళ్ళు కిందనే చెయ్యి వేసేస్తారక్కా. తొక్కి చూడలేదు" అన్నాను.

ఆమె చేతిలోని తీగ పక్కన పెట్టింది. "రేపు ఆదివారమే గదా. పొద్దన్నే వంతెన కాడికి నేనొస్తా. మోటరు లేకండా తీసకరా బండిని" అంది.

ఆ ఆదివారం మబ్బు విడిచి ఎండ కాసింది. ఆమె ఆటోలో దిగింది, చేతిలో మోటార్ల మీద నంబర్లు వేసే సుద్దముక్క. రాగానే నన్ను దింపి తాను కూర్చుంది. యాభై దాటిన మనిషి, బుర్ఖా మడిచి మోకాళ్ళ కింద దోపుకుని వెనక్కి వాలింది. "యా అల్లా! ఇంత సుకంగా ఉంటే నిద్రపట్టిపోదా మే నీకు?" అంది. చేపల ఆడవాళ్ళు బుట్టలు దించి వినోదం చూడ్డానికి చేరారు. అక్క పళ్ళు బిగించి తొక్కుకుంటూ సగం దాకా వెళ్ళి ఆగి, బ్రేకు వేసి, వంతెన గోడ మీద ఒక గీత గీసింది. "నా మోకాళ్ళు ఈడికే చేతులెత్తేసినాయి. ఇంక నువ్వు రా" అంది.

నేను మొదలుపెట్టగానే అలవాటుకొద్దీ నాలుగు చేతులు వెనక పడ్డాయి. అక్క గట్టిగా అరిచింది: "చెయ్యి తియ్యండమ్మా! ఎవురూ ముట్టుకోబాకండి!" వాళ్ళు ఉలిక్కిపడి వెనక్కి తగ్గారు. నాకు భయమేసింది. గేరు బాగా కిందికి దించి తొక్కుతున్నాను. నత్తనడక. ఊపిరి చెవుల్లో వినిపిస్తోంది. ఒకచోట పక్కన తెల్లటి గీత కనిపించింది, అక్క గీసినది. దాన్ని దాటాను. ఇంకా కొంచెం వెళ్ళాను, ఇంకొంచెం. కుడికాలు వణకడం మొదలై, చక్రం ఇక ఒక్క అంగుళం కూడా కదలనన్నాక బ్రేకు వేశాను. అక్క వచ్చి నా చక్రం పక్కన గోడ మీద ఇంకో గీత గీసింది. వంతెన మొదటి నుంచి అక్కడిదాకా అడుగులు లెక్కపెడుతూ నడిచింది, అక్కడి నుంచి పైదాకా మళ్ళీ లెక్కపెట్టింది. లెక్కపెడుతున్నంతసేపూ ఎడమ చెయ్యి పైకి ఎత్తే ఉంది.

"నలబై ఒక్క అడుగు నీ కాళ్ళవి" అంది. "మిగిలింది పంతొమ్మిది. నేను మోటరు సూడాల్సింది ఆ పంతొమ్మిదికే. మొత్తానికి కాదు."

నేను కిందికి చూశాను. రెండేళ్ళుగా ఆ వంతెన మొత్తం నావల్ల కాదనే అనుకున్నాను. మంచివాళ్ళు మొదట్లోనే చెయ్యి వేసేవాళ్ళు గనక, నా కాళ్ళు ఎంతవరకు తెస్తాయో నాకే తెలియకుండా పోయింది. ఆ నలభై ఒక్క అడుగులను చూసుకుని నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి.

మోటరు ఎంపిక ఆ మధ్యాహ్నం దుకాణంలో జరిగింది. నాకామె మొదటిసారి టిఫిన్ గిన్నె మూతలో సగం పులావు పెట్టింది కూడా ఆ రోజే. చక్రంలో ఉండే మోటరుకు గేర్లు దక్కవని, ఎక్కుడులో నెమ్మదిగా తిరగాల్సి వస్తే అది ఉక్కిరిబిక్కిరై వేడెక్కుతుందని చెప్పింది. అదే పెడళ్ళ దగ్గర బిగించే చిన్న మోటరైతే నా కాళ్ళు లాగే చైనునే లాగుతుంది. నేను వేసే గేరే దానికీ గేరు. రెండు వందల యాభై వాట్లు దాటకపోతే లైసెన్సు, రిజిస్ట్రేషన్ల తలనొప్పి కూడా లేదు.

"పెద్దది పెడితే అది నిన్ను లాక్కపోతాది, నువ్వు సామాను మాదిరిగా కూర్చోవాల. ఇదైతే నువ్వు తొక్కితే తోడొస్తాది" అంది.

అన్నకు మింగుడు పడలేదు. "ఇంత చిన్నదా అక్కా? మా ఇంట్లో గ్రైండరు మోటరు దీనికంటే పెద్దది."

"మీ గ్రైండర్లో పిండి కాళ్ళతో తొక్కదు గదబ్బయా. నీ చెల్లెలు తొక్కతాది."

మద్రాసు నుంచి మోటరు వచ్చాక దాన్ని విప్పి, లోపలి కాయిల్ కళ్ళారా చూశాకే ఆమె ఒప్పుకుంది. బిగించే పనీ తానే చేసింది. అక్కడే ఒక తప్పు చేసింది కూడా. ఇన్నేళ్ళుగా బోరు మోటార్లకు పెట్టినట్టే దీనికీ నొక్కితే ఒక్కసారిగా అందుకునే స్విచ్చి పెట్టింది. నా బండికి చైను మామూలు సైకిలుకంటే మూడింతల పొడవు, ముందు పెడళ్ళ నుంచి వెనక చక్రం దాకా నా సీటు కిందుగా వెళ్ళాలి. దుకాణం ముందే స్విచ్చి నొక్కానో లేదో, అంత పొడుగు చైనూ ఎగిరి, పళ్ళు జారి, ఫట్‌మని కింద పడింది. మోటార్లు తెచ్చుకున్న రైతులు అయిదారుగురు చూస్తున్నారు. ఆమె స్థానంలో ఇంకెవరైనా ఉంటే కాలేజీ పిల్లల పనితనాన్ని తిట్టి ఉండేవాళ్ళు. అక్క అందరికీ వినబడేలా, "తప్పు నాదే మే. నీళ్ళయితే ఒక్కపాలిగా లాగినా ఏమనవు. చైను ఊరుకోదు, దాన్ని అడిగి లాగాల" అంది. చేసిన తప్పును అంత తేలిగ్గా, అంత గట్టిగా ఒప్పుకోవచ్చని నాకు అప్పటిదాకా తెలియదు. ఆ స్విచ్చి పీకేసి, మెల్లగా తిప్పుకునే పిడి పెట్టింది. చైను ఊగకుండా ఏదైనా గొట్టంలోంచి పోనిస్తే బాగుంటుందని ఆమె అనేలోపే అన్న మోటారుసైకిలెక్కి వెళ్ళి, గుంటలోకి గాలి పంపే పైపు రెండు బారల ముక్క కోసుకొచ్చాడు. ఇద్దరూ నేల మీద కూర్చుని చైనుకు ఆ పైపు తొడిగారు. అప్పటిదాకా అక్క మాటకు పెదవి విరిచిన మనిషి, పైపు అంచులు ఎలా అరగదీయాలో ఆమెకే పాఠం చెప్పడం మొదలుపెట్టాడు.

నెలాఖరు రోజు పొద్దున వంతెన దగ్గర మేం ముగ్గురం, ఆటోలు వచ్చినా ఎక్కకుండా నిలబడిన చేపల ఆడవాళ్ళు. అన్న చొక్కా జేబులో అర్జీ మడిచి ఉంది. "బిస్మిల్లా అనుకో, లేకపోతే మీ యెంకటేశ్వరసామినన్నా తల్చుకో" అంది అక్క. నాకు ఎవరూ గుర్తురాలేదు. అడుగులు మాత్రం లెక్కపెట్టుకుంటూ తొక్కాను. నా గీత దగ్గరికి వచ్చేదాకా పిడి ముట్టుకోలేదు. కాలు వణకడం మొదలయ్యాక మెల్లగా తిప్పాను. సన్నటి చప్పుడు, అంతే. ఎవరో నా పాదాల కింద తమ పాదాలు పెట్టి తొక్కుతున్నట్టు పెడళ్ళు తేలికయ్యాయి. చూస్తుండగానే వంతెన అయిపోయింది. ఎదురుగా దూరంగా సముద్రం, పడవల మీది జెండాలు. నేను ఏదో అరిచానట, ఏమని అరిచానో ఇప్పటికీ ఎవరూ సరిగ్గా చెప్పరు.

అక్క రొప్పుకుంటూ పైకొచ్చి, నన్ను పలకరించకుండానే వంగి మోటరు మీద అరచెయ్యి ఆనించింది. "ఒకటి" అంది. ఆడవాళ్ళంతా అందుకున్నారు: రెండు, మూడు, నాలుగు. పది అయ్యాక కూడా ఆమె చెయ్యి తీయలేదు. "సల్లగా ఉండాది మే!" అని నా తల పట్టుకుని నుదుటి మీద ముద్దు పెట్టింది. ఆ హడావుడిలో అన్న చైను సరిగ్గా ఉందో లేదో తడిమి చూసి, చేతికంటిన గ్రీజు తుడుచుకోవడానికి జేబులో చెయ్యి పెట్టి దొరికిన కాగితం తీశాడు. అది అర్జీ అని తెలిసే తీశాడని నేనంటాను, తెలియదని ఆయనంటాడు. నేను వాళ్ళిద్దరినీ అక్కడే వదిలేసి దిగుడులో జారుకుంటూ బడికి వెళ్ళిపోయాను. ఆ రోజు గంట కొట్టింది నేనే, పది నిమిషాలు ముందుగా.

అక్క ఇప్పుడు గూడూరులో కూతురి దగ్గర ఉంటోంది. చేతులు వణకడంతో సన్నతీగ చుట్టడం మానేసింది. ఫోను చేస్తే ముందు మోటరు క్షేమం, తర్వాత అన్న క్షేమం, చివర్లో నా క్షేమం అడుగుతుంది. నేను ఆమె దగ్గర కాయిల్ చుట్టడం నేర్చుకోలేదు. రెండుసార్లు ప్రయత్నించాను, రెండుసార్లూ నా లెక్క తప్పింది. ఆమె నవ్వి తీగ లాక్కుంది.

మా అయిదో తరగతిలో దివ్య అని ఒక పిల్ల ఉంది. భాగహారమంటే ఆ పిల్లకు వణుకు. మొన్న బోర్డు దగ్గరికి పిలిచాను. రెండు అంకెలు వేసిందో లేదో వెనక నుంచి అందరూ జవాబు అందించబోయారు. పాపం మంచి పిల్లలే. "ఎవరూ చెప్పకండి" అన్నాను. ఒకప్పుడైతే నేనే లేచి సుద్దముక్క అందుకునేదాన్ని. ఇప్పటికీ చెయ్యి లేవబోతుంది, దాన్ని రెండో చేత్తో పట్టుకుని నడుము వెనక పెట్టుకుంటాను. దివ్య మూడు వరసలు చేసింది. అంతకుముందు ఎప్పుడూ ఒక వరస దాటలేదు. నాలుగో వరస దగ్గర ఆగి, వెనక్కి తిరిగి నా ముఖంలోకి చూసింది. నేను కదల్లేదు. ఆ పిల్ల సుద్ద అంటిన వేళ్ళు గౌనుకు తుడుచుకుని, మళ్ళీ బోర్డు వైపు తిరిగింది.